అమ్మ వద్దంటోంది, అన్న చేయించాల్సిందే అంటున్నాడు

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది కాణిపాకం దగ్గర ఐరాల వైపు ఒక పల్లె. నేను చిత్తూరులో ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. మా అమ్మకు 71 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా షుగరు, బీపీ. నాన్న పోయాక పల్లెలో ఒక్కతే ఉంటూ రెండు ఆవులు పెట్టుకుని పాలు పోస్తోంది. పోయిన నెల కాళ్ళు వాచి ఆయాసం వస్తే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, క్రియాటినిన్ 8 దాటింది, డయాలసిస్ చేయాలన్నారు. అమ్మ వద్దంది. బెంగళూరులో ఉండే మా అన్న "ఆమెను అడిగేదేంది, చేసేయమను" అని ఫోన్లో అరిచాడు. నర్సు ఫారం తెచ్చింది. "ఇది ఆరోగ్యశ్రీ కాగితం అమ్మా" అని చెప్పి వేలిముద్ర వేయించింది నేనే. మా అమ్మకు సంతకం వచ్చు, రాత్రిబడిలో నేర్చుకుంది. కుడిచేతికి సూది ఉంది కదా, వేలిముద్ర చాల్లే అన్నారు.

మెడ దగ్గర గొట్టం వేసి మూడుసార్లు డయాలసిస్ చేశారు. వాపు దిగింది, ఆయాసం తగ్గింది. లేచి కూర్చున్నాక అమ్మ అన్న మొదటి మాట, "ఎవురు చెప్పినారు మే చేయమని?" ఆ గొట్టం తీసేదాకా అన్నం ముట్టలేదు. ఏమన్నా అయితే మాదే బాధ్యత అని రిస్కు బాండు రాయించుకుని పంపించేశారు. ఇంటికొచ్చి పది రోజులైంది. ఒక ఆవు ఏడు నెలల సూడితో ఉంది. "ఆవు ఈనేదాకా నేను యాడికీ రాను. ఆ మిషనుకు నన్ను కట్టేయొద్దండి" అంటోంది. డాక్టరేమో "ముందు మీ ఇంట్లోవాళ్ళు ఒక మాట మీదికి రండి" అన్నారు. అన్న ఈ ఆదివారం వచ్చి అమ్మను కాణిపాకం తీసుకెళ్ళి, డయాలసిస్ చేయించుకుంటానని దేవుడి ముందు ప్రమాణం చేయిస్తాడట. వినకపోతే మత్తిచ్చి అయినా చేయించాల్సిందే అంటున్నాడు. "అమ్మకేమన్నా అయితే నీదే బాధ్యత" అంటున్నాడు. వైద్యం వద్దనే హక్కు అమ్మకు ఉందా? అది ఆత్మహత్య కిందికి రాదా? నేనెవరి మాట వినాలి? ఆ వేలిముద్ర గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు.

— ఒక కూతురు, చిత్తూరు

జవాబు: అమ్మా, హక్కుల గురించి మాట్లాడే ముందు ఒక పని. రేపే అమ్మకు రక్తపరీక్ష చేయించండి. క్రియాటినిన్ ఒక్కటే కాదు, పొటాషియం కూడా చూడమనండి. డయాలసిస్ ఆపి పది రోజులైంది కాబట్టి ఇది ఆదివారం దాకా ఆగే పని కాదు. పొటాషియం పెరిగితే మనిషికి పెద్దగా ఏమీ తెలియకుండానే గుండె లయ తప్పుతుంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, వాంతులు, ఆగని వెక్కిళ్ళు, మగతగా ఉండి మాట తడబడటం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనబడినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆసుపత్రికి వచ్చినంత మాత్రాన డయాలసిస్‌కు ఒప్పుకున్నట్టు కాదని అమ్మకు ముందే చెప్పి పెట్టండి. లేకపోతే ఆయాసం వచ్చినా మీకు చెప్పకుండా దాచుకుంటుంది.

ఇంకో సంగతి. చూడ్డానికొచ్చే చుట్టాలు లేత టెంకాయలు పట్టుకొస్తారు. ఆ నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి మంచిదే కానీ మీ అమ్మలాంటి వాళ్ళకు ప్రమాదం. కాళ్ళనొప్పులని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేయొద్దు. పసరు మందుల జోలికి పోవద్దు.

ఇక వేలిముద్ర.

నేను ముప్పై రెండేళ్ళు తిరుపతిలో వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఎన్ని వేలిముద్రలు తీసుకున్నానో లెక్క లేదు. ఇంకు ప్యాడు మూత తీయడం, పేషెంటు బొటనవేలు పట్టుకుని దాని మీద ఇటునుంచి అటు దొర్లించడం, ఫారం కింద గళ్ళో నొక్కడం, స్పిరిట్ దూదితో తుడిచేయడం. అంతా కలిపి అర నిమిషం. ఫారం ఇంగ్లీషులో ఉండేది. "ఏంది సిస్టర్ ఇది" అని అడిగితే "ఆపరేషన్‌కు రాసుకుంటారులేమ్మా" అనేదాన్ని. స్పిరిట్‌తో ఎంత తుడిచినా గోరు పక్కన సందులో నీలం అట్లే ఉండిపోతుంది. ఒకసారి గర్భసంచి తీయించుకున్న ఒకావిడ డిశ్చార్జి రోజు ఆ వేలు తెచ్చి నా ముందు పెట్టింది. "దీంతోనేనా సిస్టర్, నా సంచి తీసేయమని నేను చెప్పినానంటున్నారు?" అంది. లోపల గడ్డ ఉంది, అది తీస్తారు, ఆమెకు తెలిసింది అంతే. మిగతాది చెప్పాల్సినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాబట్టి మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. మీరు భయపడి చేశారు. నేను అలవాటుకొద్దీ చేశాను, ఏది ఎక్కువ తప్పో మీరే చెప్పండి.

ఇలాంటి సంగతే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సమీరా కోహ్లీ కేసు అంటారు, తీర్పు 2008 జనవరిలో వచ్చింది. పరీక్ష కోసమని ఒకామెకు మత్తిచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరైన మనిషి, మతి స్థిమితం ఉన్న మనిషి, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితీ కాదు, అలాంటప్పుడు తల్లి ఒప్పుకుంటే సరిపోదు, ఆమె తెలివిలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి అని కోర్టు తేల్చి చెప్పింది. ఏమేం చెప్పి అడగాలో కూడా చెప్పింది: చేయబోయేది ఏమిటి, ఎందుకు, దానివల్ల మేలెంత, పెద్ద ప్రమాదాలేమిటి, దీనికి బదులు ఇంకేం మార్గాలున్నాయి, అసలేమీ చేయించుకోకపోతే ఏమవుతుంది. మీ అమ్మకు ఈ ఆరింటిలో ఎన్ని చెప్పారో మీ ఉత్తరంలో లేదు. బహుశా ఒక్కటీ చెప్పి ఉండరు. అబద్ధం చెప్పి తీసుకున్న వేలిముద్రకు సమ్మతిగా విలువ లేదు. పోలీసులు వస్తారేమోనని మాత్రం బెంబేలు పడకండి, మీరు తేల్చుకోవాల్సింది అమ్మతో.

అయితే ఒక మెలిక ఉంది. కిడ్నీలు పనిచేయక ఒంట్లో యూరియా పేరుకుంటే బుర్ర కూడా మసకబారుతుంది. అందుకే ఆ రోజు, ఆయాసంతో మంచం మీద పడి ఉన్నప్పుడు అమ్మ అన్న "వద్దు"ను డాక్టర్లు అనుమానంగా చూసినా అర్థముంది. ఇప్పటి సంగతి వేరు. మూడుసార్లు రక్తం శుభ్రం చేశాక, లేచి కూర్చుని, ఎవరు చెప్పారని నిలదీసి మరీ వద్దంటోంది. ఆవు ఎన్నో నెలలో ఉందో లెక్క తప్పలేదు. ఇది తెలివిగా అన్న మాట. మీ అన్న ఎంతో పట్టుబట్టి చేయించిన డయాలసిసే మీ అమ్మ మాటకు బలమిచ్చింది.

వద్దనే హక్కు ఆమెకుందా అంటే, ఉంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది: మేజరైన మనిషి, నిర్ణయం తీసుకునే తెలివి ఉన్న మనిషి, వైద్యం వద్దనవచ్చు, దానివల్ల ప్రాణం పోయే పరిస్థితి ఉన్నా సరే. గౌరవంగా బతకడంలో అదీ భాగమేనంది. అది ఆత్మహత్య కాదు. ఉన్న జబ్బును దాని దారిన పోనివ్వడం వేరు, ప్రాణం తీసుకోవడం వేరు. పెద్దకొడుకు కాబట్టి అన్న చెప్పిందే చెల్లుతుందని ఏ చట్టంలోనూ లేదు. తలకొరివి పెట్టే హక్కు ఉన్నంత మాత్రాన, తల్లి బతికి ఉండి మాట్లాడుతుండగా ఆమె బదులు సంతకం పెట్టే హక్కు రాదు.

మత్తిచ్చి చేయించే మాటైతే వినడానికే బాగాలేదు. డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. ఎన్నిసార్లు మత్తిస్తాడట? తెలివిగా వద్దంటున్న మనిషికి అట్లా చేసే డాక్టరు ఉండకూడదు, ఉంటే ఆ డాక్టరు దగ్గరికి పోకూడదు.

ప్రమాణం గురించి ఒక మాట. మన వైపు కాణిపాకం ప్రమాణమంటే ఎంత బరువో మీకు నేను చెప్పక్కర్లేదు. దొంగతనం చేయలేదనో, అప్పు తీర్చేశాననో, జరిగిపోయినదాని మీద నిజం చెప్పడానికి ఆ గుడికి పోతారు. భయపెట్టి ముసలామె చేత మాట ఇప్పించుకోవడానికి వినాయకుణ్ణి మధ్యలోకి లాగడం నాకు నచ్చలేదు. రేపు ఒంట్లో ఓపిక లేక ఒక డయాలసిస్‌కు పోలేకపోతే, ఆ తల్లికి జబ్బుతో పాటు దేవుడి భయం కూడా తోడవుతుంది. ఆ గుళ్ళో నిలబడి నిజం చెప్పాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే, అది వేలిముద్రలు వేయించిన మీరూ నేనూ.

హక్కు ఉందని చెప్పాను కదా అని, "అమ్మ వద్దంది, కోర్టు కూడా ఒప్పుకుంది" అని మీరు చేతులు దులుపుకుంటే నేను ఊరుకోను. మీ ఉత్తరంలో ఎందుకు వద్దో అమ్మ చెప్పిన మాటలు రెండే ఉన్నాయి. ఆవు ఈనేదాకా రాను. మిషనుకు కట్టేయొద్దు. నేను రెండు మూడుసార్లు చదివాను. "నాకు బతకాలని లేదు" అని ఎక్కడా లేదు. మొదటి మాటలో గడువు అడుగుతోంది. రెండోదాంట్లో భయం ఉంది. ఆమె ఏది వద్దంటోందో ఇంకా ఎవరూ కనుక్కోలేదు.

పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా వార్డులో మూడు రోజులు ఇలాగే వద్దన్నాడు. డాక్టర్లు చెప్పారు, కొడుకులు కాళ్ళు పట్టుకున్నారు. నాలుగో రోజు మా ఆయా పక్క దుప్పటి మారుస్తూ "ఏం పెద్దాయనా, భయమా?" అంటే అప్పుడు బయటపెట్టాడు. పక్క బెడ్డువాళ్ళు వైద్యానికి ఎకరం అమ్మినారని విన్నాడంట, తనకున్నది ఎకరంన్నరే. ప్రభుత్వ పథకంలో డబ్బు కట్టక్కర్లేదని చెప్పాక మధ్యాహ్నం భోజనం చేసి తానే లేచి వచ్చాడు. అలాగని అందరి "వద్దు" వెనకా ఇలాంటి కారణమే ఉంటుందనుకోకండి. రిటైరైన ఒక టీచరమ్మకు అన్నీ తెలుసు, డబ్బుంది, పిల్లలు చుట్టూ ఉన్నారు. అన్నీ విని, రెండు రోజులు ఆలోచించి, "నాకు చాలు" అంది. వాపుకు, ఆయాసానికి, దురదకు మందులు వాడుకుంటూ ఇంట్లోనే ఉంది. కొన్ని నెలలు. చివరి వారం నేను వెళ్ళి చూశాను. వరండాలో మంచం వేయించుకుని మనవరాలికి ఎక్కాలు చెబుతోంది.

మీ అమ్మ ఆ పెద్దాయనో ఈ టీచరమ్మో ఎలా తెలుస్తుంది? అడగాలి. ఆసుపత్రి వరండాలో ఆరుగురు చుట్టాల ముందు కాదు. ఈ శనివారం సాయంత్రమే, అన్న రాకముందే, పల్లెకు వెళ్ళండి. పాలు పితికే వేళకు కొట్టంలో ఆమె పక్కన కూర్చోండి. ఆమె ముఖం ఆవు వైపు ఉంటుంది. ముఖాముఖి చెప్పలేనివి పెద్దవాళ్ళు అలాంటప్పుడు చెబుతారు.

ముందు మీరు చేసింది చెప్పేయండి. "ఆ రోజు ఆరోగ్యశ్రీ కాగితం అని నీకు అబద్ధం చెప్పినాను అమ్మా, అది డయాలసిస్ కాగితం." వివరణలు వద్దు, అన్న అరిచాడని వద్దు. ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. అయినా మీ నోటి నుంచి రావాలి. లేకపోతే తర్వాత మీరు ఏం చెప్పినా, ఇది ఏ కాగితం కోసమో అనుకుంటుంది. తిడుతుంది. తిట్టనివ్వండి.

తర్వాత అడగండి. మిషనంటే ఏం భయం? మెడలో గొట్టమా? రక్తం బయటికి పోవడం చూసిందా? ఊళ్ళో ఎవరైనా డయాలసిస్ చేయించుకుంటూ పోయారా? డబ్బా? బస్సు ప్రయాణమా? ఆవులా? వారంలో మూడు రోజులు తాను లేకపోతే పొద్దున ఎవరు పితకాలి, ఎవరు మేతేయాలి అన్నది మనకు చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆమె తన చేతి సంపాదన మీద బతుకుతున్న మనిషి. ఆవులు పోతే నెలనెలా కొడుకు ముందు చేయి చాపాలి. ఆ "కట్టేయొద్దు" అనే మాటలో ఇది కూడా ఉందేమో.

ఆమెకు ఎవరూ చెప్పలేదని నాకనిపిస్తున్నవి మీరు చెప్పండి. మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అన్నది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. అందులో డయాలసిస్ ఉంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఇస్తోంది. ఆసుపత్రుల్లో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడిగితే కాగితాల పని చెబుతారు.

మెడలో గొట్టం ఎప్పటికీ ఉండేది కాదు, అది తాత్కాలికం. చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ ఉంటుంది, ఫిస్టులా అంటారు. అది పండి సూది గుచ్చడానికి పనికిరావాలంటే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అది కాక పొట్ట డయాలసిస్ అని ఇంకొకటి ఉంది. పొట్టలోకి సన్న గొట్టం వేస్తారు, దాంట్లోంచి ద్రవం ఎక్కించి కొన్ని గంటలు ఉంచి దించేయడం, రోజుకు మూడు నాలుగుసార్లు, ఇంట్లోనే. ఆసుపత్రి చుట్టూ తిరగక్కర్లేదు. కానీ చేతులు, గది చాలా శుభ్రంగా ఉండాలి, లేకపోతే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. పేడ ఎత్తే చేతులతో అది కుదురుతుందా, పక్కన ఒక మనిషి ఉండాలా అన్నది నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీల డాక్టరు, చూసి చెప్పాలి. మూడోది, డయాలసిస్ లేకుండా మందులతో నెట్టుకురావడం. ఎంత కాలం అన్నది ఆమె కిడ్నీలు ఇంకా ఎంత పనిచేస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. వయసు మీద పడి, షుగరు కూడా ఉన్నవాళ్ళకు డయాలసిస్ వల్ల కలిసొచ్చే కాలం, చిన్న వయసువాళ్ళకు కలిసొచ్చినంత ఉండదు. గుండె కూడా దెబ్బతిని ఉంటే మరీ తక్కువ. ఇది చాలామంది డాక్టర్లు అడిగితే తప్ప చెప్పరు. అడగండి.

డాక్టరు "ఇంట్లోవాళ్ళు ఒక మాట మీదికి రండి" అన్నాడని రాశారు. ఆయన బాధ నాకు తెలుసు. పేషెంటు వద్దందని ఆపితే రేపు కొడుకు అద్దాలు పగలగొడతాడేమోనని భయం, చేస్తే తల్లి తిడుతుందని భయం. అయినా ఆయన అడగాల్సిన మనిషి ఇంట్లోవాళ్ళు కాదు. మీరు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్తారో, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపిస్తారో, మనవాళ్ళందరిలా రాయవేలూరు (తమిళనాడులోని వెల్లూరు) తీసుకెళ్తారో మీ ఇష్టం. రెండో అభిప్రాయం తీసుకోవడం కూడా పేషెంటు హక్కే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులు రాశారు, అందులో ఇదొకటి. వెళ్ళేముందు పాత ఆసుపత్రి నుంచి కేస్ షీటు నకళ్ళు, రిపోర్టులు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన 2002 నుంచీ ఉంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి చేతిలో పెట్టి "ఇంతే" అంటే ఒప్పుకోకండి.

వెళ్ళాక డాక్టరుతో ఒక్క మాట చెప్పండి: "ముందు మా అమ్మతో తెలుగులో ఒక పావుగంట మాట్లాడండి, మేము బయట ఉంటాం." చిత్తూరు వాళ్ళం కదా, రాయవేలూరులో అరవంలో మాట్లాడేసి తలూపి వచ్చే అలవాటు మనకుంది. ఈసారి అలా వద్దు.

మీ అన్న సంగతి. ఆయన్ని విలన్‌ని చేయకండి. ముప్పై రెండేళ్ళలో నేను చూసింది, దగ్గరుండి మలమూత్రాలు ఎత్తిన బిడ్డలు ఐసీయూ ముందు అరవరు. రాత్రి బస్సెక్కి వచ్చిన బిడ్డలే అరుస్తారు. ఇన్నాళ్ళు చూసుకోలేదన్న బాధ అట్లా బయటికొస్తుంది. ఆయనకు వాదన కాదు, పని ఇవ్వండి. అమ్మ ఒకవేళ ఒప్పుకుంటే వారంలో మూడు పూటలు ఆవుల దగ్గర ఎవరుంటారు, ఆ మనిషికి జీతం ఎవరిస్తారు? బెంగళూరు నుంచి నెలకు ఎన్ని రోజులు వచ్చి అమ్మ పక్కన ఆ నాలుగు గంటలు కూర్చుంటాడు? బాధ్యత నీదంటున్నాడు కదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. కాదంటే కాదననివ్వండి. అప్పుడు అమ్మకు ఏ సాయం ఉందో, ఏది లేదో ఆమెకు తెలిసి నిర్ణయం తీసుకుంటుంది.

నాకు తోచిన దారి ఇది. ఆవుకు ఏడో నెల అన్నారు. ఈనడానికి ఇంకా రెండు నెలలు. ఫిస్టులా పండటానికీ దాదాపు అంతే. రక్తపరీక్ష చూసి, మందులతో అంతకాలం నెట్టుకురావచ్చని డాక్టరంటే, "ఈలోపు చేతికి ఆపరేషన్ మాత్రం చేయించుకుని ఉంచుకో, వాడాలో వద్దో ఆవు ఈనినాక చెప్పు" అని అమ్మను అడగవచ్చు. అంతకాలం ఆగదు అంటే, "ఆవు ఈనేదాకా చేయించుకుని చూడు, ఆ రోజు నువ్వు ఆపమంటే ఆపేస్తాం" అనవచ్చు. గడువు పెట్టుకుని చేసి చూడటం డాక్టర్లకు కొత్తేమీ కాదు. కానీ ఆపమన్న రోజు నిజంగా ఆపాలి. ఆపితే ఏమవుతుందో కూడా ముందే చెప్పాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్ళు డయాలసిస్ ఆపేస్తే సాధారణంగా వారం పది రోజులు, కొంత వస్తున్నవాళ్ళు అంతకంటే ఎక్కువ. ఈ మాట అమ్మకు చెప్పడానికి మీకు నోరు రాకపోతే డాక్టరు చేత చెప్పించండి. అది తెలియకుండా ఆమె చేసే నిర్ణయం ఏదైనా సగమే.

అన్నీ విని కూడా ఆమె వద్దనే అంటే? నేను అమ్మ వైపే ఉంటాను. మీరూ ఉండండి. అప్పుడు కూడా "డయాలసిస్ వద్దు" అన్నదే ఆమె మాట, వైద్యం వద్దనలేదు. ఆయాసం రాకుండా, నొప్పి లేకుండా చూడటం డాక్టరు పనే, రిస్కు బాండు రాయించుకుని వదిలేయడం కుదరదు. ఆమె మాటను ఓపీ చీటీలో డాక్టరు చేత రాయించండి. ఎందుకంటే ఏదో ఒక రాత్రి ఆమె స్పృహ తప్పితే, అన్న క్యాజువాలిటీకి తీసుకెళ్తే, అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆమె ఎవరో తెలియదు. ప్రాణం మీదికొచ్చి, మాట్లాడలేని మనిషిని అనుమతి కోసం ఆగకుండా కాపాడే ప్రయత్నమే చేస్తాడు, చేయాలి కూడా. ఆమె ముందే ఏం చెప్పిందో రాతలో కనబడితేనే ఆలోచిస్తాడు.

దానికి తోడు లివింగ్ విల్ కూడా రాసి పెట్టుకోవచ్చు. ఇక కోలుకునే ఆశ లేని దశలో వెంటిలేటర్లవీ పెట్టాలా వద్దా, అప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలి అన్నది అందులో ఉంటుంది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధ్రువీకరిస్తే చాలు. మొదట్లో మేజిస్ట్రేటు దగ్గరికి పోవాల్సి ఉండేది, 2023 జనవరిలో సుప్రీంకోర్టే దాన్ని తేలిక చేసింది. మీ స్కూలు దగ్గర్లో ఎవరో ఒక గెజిటెడ్ హెడ్మాస్టరు ఉండకపోరు. తన తరఫున మాట్లాడే మనిషిగా ఆమె మీ అన్న పేరు రాయమన్నా మీరు నొచ్చుకోకండి.

చివరగా, మళ్ళీ ఆసుపత్రిలో చేరితే ఆమెకు సూది కుడిచేతికే పెడతారు. అది సరైన పనే. ఎడమచేతి నరాలు ఫిస్టులా కోసం కాపాడుకోవాలి, ఆ చేతికి సూది గుచ్చనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. అందుకని సూది పెట్టకముందే ఫారం అడిగి తీసుకోండి. చదివి వినిపించండి, ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పండి. టీచరు కదా, పెన్ను మీ దగ్గరే ఉంటుంది. రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం కొంచెం నిదానంగా వస్తుంది, నర్సు తొందరపెడితే ఒక రిటైర్డ్ సిస్టర్ ఆగమందని చెప్పండి.

ఆవు ఈనినాక ఒక ఉత్తరం రాయండి. జున్ను మాత్రం పంపొద్దు, నాకూ షుగరే.